దెబ్బ చేలో... నొప్పి హైవేలో!

మట్టిబాటలోనూ తారు రోడ్డు మీదా తిరిగే మోటారు సైకిల్‌కి ఓ చిత్రమైన జబ్బుంది. దెబ్బ తగిలేది ఒకచోట, ఆ సంగతి బయటపడేది ఇంకోచోట. చేలో ఆగిపోతే పోయేదేముంది, నాలుగడుగులు నడుస్తాం. హైవే మీద చక్రం మొరాయిస్తేనే కొంప మునిగేది!

నడిగూడెం సంగతే చూడండి. సూర్యాపేట జిల్లాలోని ఈ ఊరి పేరు చెప్పగానే చరిత్ర చదువుకున్నవాళ్లకు మునగాల సంస్థానం, రాజా నాయని వెంకట రంగారావు కోట, అక్కడ దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గుర్తుకొస్తారు. రైతులకు మాత్రం ముందు గుర్తొచ్చేది సాగర్ ఎడమ కాలువ. కాలువ కట్ట మీద కంకర, గుంతలు. కట్ట దిగితే వరి మడుల మధ్య బండ్లబాట. నాలుగు చినుకులు పడ్డాయంటే రేగడి జిగట. మందు డబ్బాలు, ఎరువు బస్తా, ఒక్కోసారి మోటారు విప్పి దాన్ని కూడా వేసుకుని బండి ఆ బురదలోనే పోవాలి. సాయంత్రం అదే బండి మీద పిల్లాడిని ఎక్కించుకుని కోదాడ పోవాలంటే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. పక్కన హైదరాబాద్-విజయవాడ బస్సులు, వెనక లారీల హారన్లు. పొద్దున దున్నపోతు పని, సాయంత్రం గుర్రం పని. ఒక్క బండే రెండూ చెయ్యాలి.

ఇలా రెండు పనులకూ పనికొచ్చేలా తయారుచేసిన బళ్లనే 'డ్యూయల్ స్పోర్ట్' అంటారు. యమహా కంపెనీ 1968 మోడల్‌గా తెచ్చిన 250 సీసీ డీటీ-1తో ఈ బళ్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. 1980లో వచ్చిన బీఎండబ్ల్యూ బండి పేరులోనే 'జీ/ఎస్' అని ఉంటుంది. ఆ రెండు జర్మన్ అక్షరాలకూ అర్థం... బీడు, రోడ్డు! 1978 డిసెంబరు 26న ప్యారిస్‌లో మొదలై ఎడారి దాటి డాకర్ దాకా సాగిన తొలి ర్యాలీలో గెలిచింది కూడా ఇలాంటి బండే. సిరిల్ నెవ్వో అనే ఫ్రెంచి కుర్రాడు యమహా ఎక్స్‌టీ-500 మీద వెళ్లి గెలిచాడు. ఒకటే సిలిండరు, గాలికి చల్లబడే ఇంజను, కిక్కు కొడితే లేచే బండి. హంగులేమీ లేవు.

మన పల్లెలు డాకర్ పేరు వినకముందే ఆ పని మొదలెట్టాయి. పాలక్యాన్లు కట్టిన రాజ్‌దూత్, ఆ తర్వాత ఆర్ఎక్స్-100, 1980లో వచ్చిన టీవీఎస్-50, దాని వారసులైన ఎక్స్ఎల్ బళ్లు... వీటిలో ఏ ఒక్కదాన్నీ కంపెనీవాళ్లు 'పొలం బండి' అని పిలవలేదు. రైతులే చేసుకున్నారు. గేర్లు లేని ఎక్స్ఎల్ మీద రెండు బస్తాలు వేసుకుని మడి గట్టు మీద పోయే మనిషిని చూస్తే డాకర్ వీరులు కూడా ఓసారి ఆగి చూడాల్సిందే.

అసలు సిసలు డ్యూయల్ స్పోర్ట్ బళ్లు మన మార్కెట్లోకి వచ్చింది ఆలస్యంగానే. 2011లో హీరో 'ఇంపల్స్' వచ్చింది, ఎక్కువకాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 'హిమాలయన్' 411 సీసీతో వచ్చింది. 2019లో హీరో 'ఎక్స్‌పల్స్ 200' వచ్చాక ఈ తరహా బండి మధ్యతరగతి కుర్రాళ్లకు అందుబాటులోకి వచ్చింది. 2023 చివర్లో 452 సీసీ కొత్త హిమాలయన్ వచ్చింది.

వీటికీ మామూలు బళ్లకూ తేడా ఏమిటంటే ముందు ఎత్తు. స్ప్లెండర్ పొట్టకూ నేలకూ మధ్య 165 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే హిమాలయన్ 411కూ ఎక్స్‌పల్స్ 200కూ 220. కాలువ కట్ట మీద రాయి తగిలి ఇంజను అడుగుభాగం పగలడం, ఆయిలంతా కారిపోవడం దీనివల్ల చాలావరకు తప్పుతుంది. ముందు చక్రం 21 అంగుళాలు. పెద్ద చక్రం కదా, గుంతలో పడకుండా దాటుకుంటూ పోతుంది. మడ్‌గార్డు టైరుకు అంటుకుని కాకుండా పైకి ఉంటుంది. ఇది చూపుల కోసం కాదండోయ్! మామూలు బండి రేగడిలో దిగితే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి మెత్తి చక్రం తిరగడమే మానేస్తుంది. అందుకే వానాకాలంలో చాలామంది కుర్రాళ్లు ముందు మడ్‌గార్డు విప్పి ఇంట్లో పడేస్తారు. పర్యవసానం... హైవే మీద ఆ బురదంతా మొహం మీదికే!

ఎత్తుకు తగ్గ ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్స్‌పల్స్ సీటు నేల నుంచి 82 సెంటీమీటర్ల పైనే. నాన్నకు కాళ్లందవు. చీర కట్టుకుని వెనక కూర్చునే అమ్మకు పైకి లేచిన సైలెన్సర్ తోనే పేచీ. బండి కొనేముందు ఇంటిల్లిపాదినీ షోరూముకు తీసుకెళ్లి ఎక్కించి దించితే ఈ తగాదాలు అక్కడే తేలిపోతాయి.

ఇక చెడిపోయే సంగతి. ఇంజను ఒక్కసారిగా పేలిపోతుందేమోనని జనం భయపడతారు గానీ, అది అరుదు. బండిని తినేసేవి చిన్నచిన్నవి. మొదటిది అదురు. ఒకటే సిలిండరున్న ఇంజను సహజంగానే అదురుతుంది. దానికి కట్ట మీది గుంతలు తోడైతే నట్లు, బోల్టులు మెల్లమెల్లగా వదులవుతాయి. పది కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చిన బండి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చేలో ఇరవై కిలోమీటర్ల వేగంలో ఆ వదులు తెలియదు. డెబ్బైలో హ్యాండిల్ వణకడం మొదలెట్టాకే తెలుస్తుంది. దీనికో సులువైన ఉపాయముంది. ఇంట్లో ఆడపిల్లల గోళ్లరంగు సీసా ఉంటే చాలు. ముఖ్యమైన నట్లన్నీ సరిగ్గా బిగించాక నట్టు మీదుగా పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీయాలి. నట్టు కాస్త తిరిగినా గీత తెగినట్టు కనిపిస్తుంది. పెద్దపెద్ద వర్క్‌షాపుల్లో రంగు పెన్నుతో చేసేదీ ఇదే. ముందు చక్రం ఇరుసు, బ్రేకు క్యాలిపర్ బోల్టులు, హ్యాండిల్ బిగింపు, వెనక స్ప్రాకెట్ నట్లు, సైలెన్సర్ బోల్టు... వీటికి గీసుకుంటే పొద్దున్నే టీ తాగేలోపు చూపుతోనే బండి పరీక్ష అయిపోతుంది.

రెండోది పుల్లలు. ఈ బళ్లకు అల్లాయ్ చక్రాలకు బదులు స్పోకులు పెట్టడానికి కారణముంది. రాయి గట్టిగా తగిలితే పోత పోసిన అల్లాయ్ చక్రం చీలిపోవచ్చు, స్పోకు చక్రం వంగుతుంది. వంగినదాన్ని సరిచేయొచ్చు. కానీ కొత్త చక్రంలో పుల్లలు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటూ వదులవుతాయి. అప్పుడు ఓసారి బిగించకపోతే ఒకదాని బరువు పక్కదాని మీద పడుతుంది. ఒకటి తెగితే రెండు, రెండు తెగితే నాలుగు. చిన్న స్పానరుతో ఒక్కో పుల్లనూ మెల్లగా కొట్టి చూడండి. బిగువుగా ఉన్నది 'టింగ్' మంటుంది. వదులుగా ఉన్నది 'టక్' మని ఊరుకుంటుంది. మృదంగం శ్రుతి చేసే చెవి అక్కర్లేదు, తేడా ఎవరికైనా తెలుస్తుంది.

టైరులో గాలి సంగతీ ఇలాంటిదే. బురదలో పట్టు దొరుకుతుందని కొంతమంది గాలి తగ్గిస్తారు. పద్ధతి మంచిదే. కాకపోతే మళ్లీ గాలి కొట్టించకుండానే హైవే ఎక్కేస్తారు. మెత్తగా ఉన్న టైరు వేగంలో వేడెక్కుతుంది, లోపల ట్యూబు జరుగుతుంది, వాల్వు మొదట్లో చిరుగుతుంది. ముందు టైరులో గాలి ఒక్కసారిగా పోతే... అంత వేగంలో నిలదొక్కుకోవడం కష్టం. గుబ్బల టైర్లు వేసుకున్నవాళ్లు మరో మాట కూడా గుర్తుంచుకోవాలి. బురదలో కరిచిపట్టుకునే ఆ గుబ్బలకు తడి తారు మీద పట్టు తక్కువ. బ్రేకు వేశాక బండి ఆగడానికి ఇంకాస్త దూరం కావాలి.

చైన్ విషయంలో మన దగ్గర ఓ అలవాటుంది. కాస్త వేలాడుతూ కనిపించిందా, 'అన్నా, చైన్ టైటు చెయ్యి' అంటాం. ఈ బళ్లకు అదే ముప్పు. హిమాలయన్ 411 వెనక చక్రం 180 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 170 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. చక్రం పైకి లేచేటప్పుడు చైన్ బిగుసుకుంటుంది. స్టాండు మీద ఉన్నప్పుడే బిగువుగా ఉంటే ఇద్దరు ఎక్కి గుంతలో పడ్డప్పుడు అది వెళ్లి ఇంజను లోపలి బేరింగును లాగుతుంది. కొన్ని వందల రూపాయల చైన్ పని వేలల్లోకి పోతుంది. బండి వెంట ఇచ్చే పుస్తకంలో ఎంత వదులు ఉండాలో కొలత రాసి ఉంటుంది. ఆ పుస్తకం చాలా ఇళ్లలో ఆర్సీ కాగితాలతోపాటు బీరువాలో భద్రంగా ఉంటుంది, అదే బాధ!

ఎయిర్ ఫిల్టరుది మరో కథ. వరికోత మిషన్ల వెనక లేచే దుమ్ము, ఊక, ఎండిన కాలువ మట్టి... అన్నీ దానికే. ఫిల్టరు మూసుకుపోతే బండి లాగదు, అంతవరకే. చిరిగితేనే అసలు ప్రమాదం. సన్నటి దుమ్ము లోపలికెళ్లి పిస్టన్ రింగులను ఉప్పుకాగితంలా గీకేస్తుంది. కొన్నాళ్లకు నీలం పొగ, ఆ తర్వాత బోరు పని. కాగితం ఫిల్టరుకు కంప్రెసరుతో గట్టిగా గాలి కొట్టిస్తే చిరిగేది అప్పుడే. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్లైతే కడక్కూడదు, గాలీ కొట్టకూడదు. మార్చుకోవడమొక్కటే దారి. ఫోము ఫిల్టరైతే కడిగి, ఆరబెట్టి, ఆయిలు పట్టించి వాడుకోవచ్చు.

'ఇవన్నీ పడలేం, అసలు చెడిపోని బండి చెప్పండి' అంటారా? అలాంటిది ఎక్కడా లేదు. అమెరికాలో 1987 నుంచి మూడు దశాబ్దాలపాటు అమ్ముడైన కవాసాకీ కేఎల్ఆర్-650కి మొండి బండి అని పేరు. దాని ఇంజను లోపల బ్యాలెన్సర్ చైన్‌ను బిగించి ఉంచే చిన్న లీవరు విరిగిపోతుందని అది నడిపేవాళ్లందరికీ తెలుసు. బండి కొన్నాక చాలామంది చేసే మొదటి పని ఆ ముక్క తీసేసి గట్టిది వేయించుకోవడం. సుజుకీ డీఆర్-650 ఇంకా మొండిది. 1996 నుంచి పెద్దగా మార్పుల్లేకుండా వచ్చింది. దానిలో న్యూట్రల్ స్విచ్చిని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు వదులై ఇంజనులో పడే ప్రమాదముంది. విప్పి, మరలకు జిగురు రాసి బిగిస్తే తీరిపోయింది. ఈ రెండు బళ్లకూ నమ్మకమైనవని పేరొచ్చింది లోపం లేక కాదు. లోపం ఎక్కడుందో అందరికీ తెలుసు, దాన్ని ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. కొత్తగా వచ్చిన బండి విషయంలో ఈ సౌకర్యం ఉండదు. 2016లో వచ్చిన తొలి విడత హిమాలయన్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. 2017లో ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో వచ్చిన బండిలో చాలా సర్దుబాట్లు చేశారు. అందుకే ఏ కంపెనీదైనా సరే, మోడల్ వచ్చిన తొలి ఏడాదే ఎగబడి కొనడం మంచిది కాదు.

2020లో జరిగిన మరో సంగతి మన రైతులకు బాగా పనికొస్తుంది. బ్రిటన్, యూరప్, దక్షిణ కొరియాల్లో అమ్మిన హిమాలయన్‌తోపాటు మరో రెండు మోడళ్ల బళ్లు దాదాపు 15,200 రాయల్ ఎన్‌ఫీల్డ్ వెనక్కి పిలిచింది. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు చేరి బ్రేకు క్యాలిపర్లు తుప్పు పట్టే అవకాశం ఉందని తేలింది. 'మన దగ్గర మంచెక్కడిది' అనుకోవద్దు. మనం బండి మీద వేసుకెళ్లే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కూడా ఒక రకం ఉప్పే. బస్తా చిల్లుపడి రాలిన పొటాష్, యూరియా చెమ్మకు కరిగి క్యాలిపర్ పిన్నుల్లోకి, వైర్ల అతుకుల్లోకి దిగుతాయి. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపల పిన్ను బిగుసుకుపోయి బ్రేకు ఒకవైపే పట్టడం మొదలవుతుంది. ఎరువు మోసిన రోజు బండిని మంచినీళ్లతో కడిగితే ఈ బెడద ఉండదు. కడిగేటప్పుడు ప్రెషర్ గొట్టాన్ని మాత్రం నేరుగా చక్రం బేరింగుల మీద పెట్టకూడదు. బురద కన్నా ఆ నీటి జోరే ఎక్కువ చెడగొడుతుంది.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి 2024 సెప్టెంబరు 1ని తలచుకోవాలి. ఆ కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు మునిగిపోయాయి. అలాంటి రోజుల్లో మునిగిన బండి దగ్గరికి వెళ్లగానే ఎవరైనా చేసే మొదటి పని సెల్ఫ్ నొక్కడం, లేదంటే కిక్కు కొట్టడం. సరిగ్గా అదే చెయ్యకూడదు. సిలిండరులో నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు. గాలిలా నీరు అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దానికన్నా ఘోరం ఏమిటంటే, కొద్దిగా వంగిన రాడ్‌తో బండి నడుస్తుంది! పదిరోజులు బాగానే తిరిగి ఏ హైవే మీదో, ఏ లారీ ముందో రాడ్ విరిగి ఇంజను పట్టేస్తుంది. వెనక చక్రం జామవుతుంది.

చెయ్యాల్సిందేమిటంటే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యాలి. ప్లగ్గు విప్పి, ఆ తర్వాతే ఇంజను తిప్పి నీళ్లు బయటికి పంపించాలి. ఎయిర్ బాక్సు ఆరబెట్టాలి. ఇంజను ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే పూర్తిగా తీసి కొత్తది పోసి, కాసేపు నడిపాక మళ్లీ మార్చాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. నీళ్లు పడితే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పంపు తాగేది ముందు దాన్నే. వాగులోంచి దాటుకుని వచ్చిన బండికైనా సరే, రోడ్డెక్కగానే నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తేలిగ్గా నొక్కాలి. డ్రమ్ములో నీళ్లుంటే అవి ఆరేదాకా బ్రేకు పట్టదు. వేడెక్కిన చక్రం హబ్బు చల్లటి నీళ్లలో దిగినప్పుడు లోపలికి చెమ్మ లాక్కుంటుంది. గ్రీజు కొట్టుకుపోయిన బేరింగు మూడు నాలుగు వారాల తర్వాత గుర్రుమంటుంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టి అటూఇటూ ఊపితే కదులుతోందా? మార్చాల్సిందే.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక మరో చిక్కు వచ్చింది. కొత్త బళ్లలో కార్బ్యురేటర్లు దాదాపు కనుమరుగయ్యాయి. పాత రోజుల్లో ఊరి మెకానిక్ జెట్టు విప్పి, నోటితో ఊది, స్క్రూ అర చుట్టు తిప్పితే బండి లేచేది. ఇప్పుడు సెన్సర్లు, ఫ్యూయెల్ పంపు, కంప్యూటర్ పెట్టె. లోపం కనుక్కోవాలంటే స్కానర్ కావాలి. అది అందుబాటులో లేకపోతే ట్రాలీలో వేసుకుని పట్నం దారి పట్టాలి. అలాగని ఇంజెక్షన్‌ను తిట్టాల్సిన పనిలేదు. కార్బ్యురేటర్ అంత తరచుగా అది పేచీ పెట్టదు. పెట్టిన రోజు మాత్రం చేలో వైద్యం కుదరదు. ట్రాలీ ఎక్కించేముందు ఓ చిన్న పరీక్ష చేసుకోవడం మేలు. సైడ్ స్టాండు దించి ఉంటే ఇంజను లేవకుండా ఆపే స్విచ్చి ఒకటి ఉంటుంది. దానిలో బురద ఇరుక్కుంటే స్టాండు ఎత్తినా దించి ఉన్నట్టే బండి అనుకుంటుంది. కిలోమీటర్ల కొద్దీ బండి నెట్టుకొచ్చాక చెంబెడు నీళ్లతో ఆ స్విచ్చి కడిగితే టక్కున లేస్తుంది. నెట్టినవాడి మొహం అప్పుడు చూడాలి!

లక్షన్నర అటూ ఇటూ పెట్టి కొత్త బండి కొనలేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌ది చూస్తారు. అక్కడా జాగ్రత్త అవసరం. 2024 వరదల్లో విజయవాడ బుడమేరు చుట్టుపక్కల, ఖమ్మం మున్నేరు వెంబడి వేల బళ్లు నీట మునిగాయి. అలా మునిగిన బళ్లు కడిగి, పాలిష్ పట్టించి అమ్మకానికి వస్తుంటాయి. పైపైన చూస్తే కొత్తదానిలాగే ఉంటాయి. సీటు విప్పించి వైర్ల కనెక్టర్లు లాగి చూడండి, లోపల ఎండిన ఒండ్రు మట్టి గీత కనిపిస్తుందేమో. హెడ్‌లైటు లోపల నీటి మరకలున్నాయా, సీటు కింద ఫోములో మురుగు వాసన వస్తోందా, ట్యాంకు మూత తీస్తే అంచున తుప్పు ఉందా చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మీరే స్టార్టు చెయ్యండి. అమ్మేవాళ్లు మీరొచ్చేసరికే వేడి చేసి ఉంచితే, 'సరే బావా, రేపు పొద్దున వస్తా' అని చెప్పి వచ్చెయ్యండి. మర్నాడు చెప్పకుండా వెళ్లి చూడండి.